రసీదు

మార్చి 22, 2025
ఖజానా ఆఫీసులో బిల్లుల గుట్టలు. చర్ల వైపు ఒక బాలికల ఆశ్రమ పాఠశాలది కూడా వచ్చింది. దోమతెరలు. ఇన్‌వాయిస్ వెనక ముద్ర: సరుకు అందింది, స్టాకు రిజిస్టరులో ఎక్కించాం. పేజీ నంబరు 41. నీలం సిరా, పొందికైన చేతిరాత.

సాయంత్రం వార్డెన్ వచ్చింది. "అన్నా, లారీ ఇంకా బయల్దేరలే. 31 దాటితే డబ్బులు మురిగిపోతయ్. వానలు మొదలైతే పిల్లలకు మలేరియా. మీకు తెలవంది కాదు."

తెలుసు. ఈ ఏజెన్సీలో ఆ జ్వరం చూడని ఇల్లేది?

మార్చి 24
నిద్ర లేదు. తత్వవేత్త కాంట్‌ని తీశాను. 1785 నాటి పుస్తకం. తీర్చలేనని తెలిసీ తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకునేవాడి ఉదాహరణ. అందరూ అదే పని చేస్తే మాటకే విలువుండదు, అప్పిచ్చేవాడే ఉండడు. సరుకు రాకముందే అందరూ 'అందింది' అని రాస్తే? అప్పుడు నిజంగా అందిన రోజు ఏం రాయాలి?

కానీ ఆ పిల్లలు...

మార్చి 27
ఇవాళంతా రామదాసే మనసులో. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహశీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడి గుడి కట్టాడు. గోల్కొండ చెరలో పన్నెండేళ్లు. ఆయన కీర్తనలు వింటూ పెరిగినవాణ్ణి, తప్పు పట్టడానికి నోరు రాదు.

అయితే కథలో రాముడు ఏం చేశాడు? నా గుడికే కదా ఖర్చయింది, మాఫీ చెయ్యమనలేదు. ఆరు లక్షల మొహరీలు గోల్కొండ సుల్తాను తానీషా ముందు పోసి రసీదు తీసుకున్నాడు. ముందు సొమ్ము. తర్వాతే రసీదు.

ఇన్నేళ్లుగా వింటున్న కథ. ఈ సంగతి ఎందుకు తట్టలేదో.

మార్చి 28
ఆబ్జెక్షన్ రాసి దోమతెరల బిల్లు వాపసు చేశాను. వార్డెన్ ఏమీ అనలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సుకెళ్లింది. తిట్టినా బాగుండేది.

మార్చి 30, ఉగాది
ఒకటే తొలుస్తోంది. ఆమె నాతో నిజం చెప్పింది. చెప్పకుండా ఊరుకుంటే బిల్లు పాసయ్యేది. ఇట్లాంటివి నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లి ఉంటాయి? నిజం చెప్పిన మనిషికే నష్టం. దీనికి కాంట్ దగ్గర ఏముంది?

మనిషిని పనిముట్టులా వాడుకోవద్దన్నాడు. ఆమెను ఒట్టి చేతులతో పంపేసి, నియమం నిలబెట్టాననుకుని కూర్చోవడం కూడా సరికాదు. సాయం చెయ్యడమూ విధే అన్నాడుగా.

ఏప్రిల్ 6
సీతారాముల కల్యాణం. భద్రాచలంలో మిథిలా స్టేడియం కిక్కిరిసింది. సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు. తానీషా నాటి ఆనవాయితీ అంటారు. గోపన్నను చెరలో పెట్టిన గోల్కొండ నుంచే ముత్యాలు. శిస్తు లెక్క వేరు, భక్తి వేరు. తానీషాకు ఆ తేడా తెలుసు.

ఏప్రిల్ 9
సెలవు పెట్టి వార్డెన్‌తో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి వెళ్లాను. కొత్త పద్దులో దోమతెరలకు దరఖాస్తు. జరిగింది జరిగినట్టు రాశాం: సరుకు రాలేదు, నిధులు మురిగిపోయాయి. "ఇట్ల రాస్తే నా మీదికి రాదా అన్నా?" అంది. రావచ్చు. వస్తే నేనూ వచ్చి చెప్తానన్నాను. సంతకం చేసింది.

మే 30
మంజూరు కాగితం రాలేదు. మళ్లీ వెళ్లి అడిగాను. వచ్చే వారం రమ్మన్నారు. జూన్ 12న బడి తెరుస్తారు.