బందరు రోడ్డు మీద ఎదురుగాలి

హైదరాబాద్ నుంచి సైకిళ్ల మీద బయల్దేరిన బృందానికి ఇంద్రకీలాద్రి కనబడగానే సగం అలసట తీరిపోతుంది. సూర్యాపేట, కోదాడ, నందిగామ దాటి దాదాపు 275 కిలోమీటర్లు తొక్కివచ్చారు. ఇక ఎక్కాల్సిన మిట్టలు లేవు. కానీ పుణెలో మొదలయ్యే 65వ నంబరు జాతీయ రహదారి బెజవాడలో ఆగదు. బెంజి సర్కిల్ దాటి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు దాకా పోతుంది. అంటే ఇంకో 70 కిలోమీటర్లు.

మిట్టలుంటేనే నయం అంటారు ఈ దారి తెలిసినవాళ్లు. మిట్ట ఎక్కితే దిగుడు దొరుకుతుంది. తొక్కకుండానే నాలుగు గుక్కల నీళ్లు తాగొచ్చు. డెల్టాలో ఆ బేరం కుదరదు. ఇది కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు నేల. 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ సుమారు 13 లక్షల ఎకరాలకు నీళ్లు పంపాయంటే ఈ చదునే కారణం. గేట్లెత్తితే చాలు, మోటారు అవసరం లేకుండా నీరు బందరు కాలవలో దానంతటదే పారుతుంది. కాలవకు సరిపోయిన ఆ కాస్త వాలు సైకిలు చక్రానికి చాలదు. కాలు ఆపితే బండి ఆగుతుంది.

దానికి తోడు గాలి.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో నేల సముద్రం కంటే తొందరగా వేడెక్కుతుంది. వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రం మీది గాలి లోపలికి వస్తుంది. బందరు బెజవాడకు ఆగ్నేయంగా ఉంది, గాలి వచ్చేదీ అటునుంచే. పైగా గాలితో బేరమాడలేం: వేగం రెట్టింపయితే దాని అడ్డు నాలుగింతలవుతుంది. ఉదయం ఊళ్లోనే టిఫిన్లు, ఫొటోలు అంటూ ఆలస్యం చేసినవాళ్లకు ఉయ్యూరు చేరేసరికి ఆ లెక్క తొడల్లో తెలుస్తుంది.

అందుకే ఇక్కడ వరుస కట్టక తప్పదు. ముందువాడి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని నడిపితే వెనకవాడికి దాదాపు పావు వంతు శ్రమ తగ్గుతుంది. ముందున్నవాడు కాసేపు గాలి కాచి, మోచెయ్యి ఆడించి కుడిపక్కకు జరుగుతాడు. రెండోవాడు ముందుకొస్తాడు, మొదటివాడు మెల్లగా వరుస చివరికి జారుకుంటాడు. రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యమో మినుములో కనబడితే ముందున్నవాడు ఎడమ చెయ్యి వీపు వెనక్కి మడిచి కుడివైపు చూపిస్తాడు. ఆ సైగ చేతి నుంచి చేతికి వరుస చివరిదాకా వెళ్తుంది. మాట్లాడే ఓపిక ఎవరికీ ఉండదు.

చిత్రమేమిటంటే, ఒంటరిగా దూసుకుపోవాలనే ఆత్రం పుట్టేదీ సరిగ్గా ఇక్కడే. ఎవరికో సీటు ఒరిసి మంట, ఎవరికో రాత్రి రైలు. గట్టివాడు ముందు దూసుకుపోతే వెనకవాళ్లకు గాలికి అడ్డు పోతుంది. రెండు మైళ్లు పోయేసరికి ఆ గట్టివాడూ నీరసిస్తాడు. అతనికైనా వెనకవాళ్ల వంతు కావాల్సిందే.

సుదూర సైక్లింగ్ పద్ధతులు ఈ ఆత్రాన్ని ముందే పట్టించుకున్నాయి. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ ఒకప్పుడు పందెమే. మొదటిసారి గెలిచిన షార్ల్ టెరోంకు 71 గంటలు పైనే పట్టింది. ఇప్పుడది పందెం కాదు. సుమారు 1,200 కిలోమీటర్లు 90 గంటల్లో పూర్తిచేసినవాళ్లంతా సమానమే. అదే కోవలో మన దేశంలో జరిగే బ్రెవే అనే సుదూర యాత్రల్లోనూ 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు గడువు. ర్యాంకులుండవు.

పందెం లేకుండా కలిసి తొక్కడానికి 2025 మార్చిలో సీఐఎస్ఎఫ్ జరిపిన తీరప్రాంత సైకిల్ యాత్ర మరో ఉదాహరణ. గుజరాత్‌లోని లఖ్‌పత్ నుంచి ఒక బృందం, బెంగాల్‌లోని బక్కాళి నుంచి మరొకటి బయల్దేరాయి. రెండోది ఆంధ్ర తీరం మీదుగా సాగింది. రెండూ కలిపి 6,553 కిలోమీటర్లు తొక్కి మార్చి 31న కన్యాకుమారిలో యాత్ర ముగించాయి.

బందరు బృందాలకు గూడూరు దాటాక ఇంకో చర్చ మొదలవుతుంది. ఊరి పొలిమేరలో ఆగి, వెనకబడినవాళ్లు వచ్చాకే అందరూ కలిసి లోపలికి వెళ్లడం మామూలే. అసలు గొడవ యాత్ర ఎక్కడితో అయిపోయినట్టు అనేదాని గురించే. రోడ్డు ముగిసింది కాబట్టి లడ్డూల కొట్టు దగ్గర దిగిపోదామంటారు కొందరు. సముద్రంలో ముందు చక్రం తడపందే లెక్కలోకి రాదని మిగతావాళ్ల వాదన. మంగినపూడి బీచికి మరో 11 కిలోమీటర్లు. అప్పటికి గాలి ఇంకా తగ్గి ఉండదు, వరుసలో ముందుకు ఎవరు వెళ్లాలో మళ్లీ తేల్చుకోవాలి.