వలయం లేని బిళ్ళ

ప్రతి జనవరిలోనూ మా ప్రయోగశాలలో ఒక పట్టిక తయారవుతుంది. గడచిన ఏడాది రోగుల మూత్రంలో ఏయే సూక్ష్మజీవులు పెరిగాయి, వాటిలో ఎన్నింటిపై ఏ మందు పనిచేసింది అన్నది అందులో శాతాలుగా ఉంటుంది. దానినే యాంటీబయోగ్రామ్ అంటారు. కల్చర్ ఫలితం వచ్చేలోగా ఏ మందుతో మొదలుపెట్టాలో వైద్యులకు దారి చూపేది అదే. ఆ పట్టిక వేసేది నేనే.

అటువంటి నేను, ఒక రాత్రి మా అమ్మ ఫోన్ చేసి మూత్రంలో మంటగా ఉందంటే, "నిరుటి సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళలు మిగిలాయి కదమ్మా, ఉదయమొకటి, రాత్రొకటి వేసుకో" అన్నాను. ఈ.కోలి ముందు ఆ మందు ఎంత తరచుగా ఓడిపోతోందో నా పట్టికలోనే ఉంది. ఇతరుల తల్లుల విషయంలో గుర్తుండే లెక్క, మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు.

నాలుగో రోజుకీ మంట తగ్గలేదు. అప్పుడు అమ్మను తీసుకువచ్చి నమూనా ఇప్పించాను. సూక్ష్మజీవి పెరగడానికి ఒక రాత్రి, మందుల పరీక్షకు మరో రాత్రి పడుతుంది. 1966లో బావర్, కిర్బీ ప్రభృతులు స్థిరపరచిన పద్ధతినే నేటికీ వాడుతున్నాం. అగార్ పళ్ళెం మీద సూక్ష్మజీవిని పలుచగా పరచి, మందు ఇంకించిన కాగితపు బిళ్ళలు పేరుస్తాం. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని వలయం ఏర్పడుతుంది. దానిని మిల్లీమీటర్లలో కొలుస్తాం.

మూడో ఉదయం పళ్ళెం తీశాను. నైట్రోఫ్యురాంటాయిన్ చుట్టూ చక్కని వలయం. సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళను మాత్రం పచ్చికలా అంచుదాకా కమ్ముకుంది సూక్ష్మజీవి. కొలవడానికి ఏమీ లేదు.

వైద్యులు మూత్రపిండాల పనితీరు చూసి మందు మార్చారు. అమ్మ కోలుకుంది. "ఆ పరీక్షేదో ముందే చేయించాల్సింది కదే" అని మాత్రం అంది.

ఆ మాట నా పట్టికకూ వర్తిస్తుంది. ఒక రోగిలో ఒకే జాతి ఎన్నిసార్లు దొరికినా, ఏడాదిలో మొదటిదానినే లెక్కిస్తాం. 30 నమూనాలైనా లేనిదే శాతం కట్టం. ఇన్ని నియమాలున్నా ఒక లోటు మిగిలే ఉంది. మొదటి మందుతో నయమైనవారు మా గడప తొక్కరు, కానివారే వస్తారు. అందువల్ల ఊళ్ళో ఉన్నదానికంటే మా కాగితం మీద నిరోధకత ఎక్కువగా కనిపించవచ్చు. దానిని చూసి వైద్యులు ఇంకా బలమైన మందుతో మొదలుపెడితే, ఆ మందుకూ అదే గతి పట్టే రోజు దగ్గరవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2013లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఆరంభించిన నిఘా వ్యవస్థలకు కూడా ఆధారం ప్రయోగశాలల దాకా వచ్చిన నమూనాలే.

ఈ జనవరి పట్టికలో రెండు గడులు కొత్తగా చేర్చాను. మందు వాడకముందు తీసిన నమూనాలు ఒకదానిలో, వాడిన తరువాత తీసినవి మరొకదానిలో. అమ్మ రెండో గడిలో ఉంది. ఆమెను అక్కడికి చేర్చినది నేనే.