సోడా గ్యాసు వెంట మూడు ఊళ్ళు

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే బస్సు సూర్యాపేటలో ఆగగానే కిటికీల కింద వినిపించే కేకలలో ఒకటి ఈ మధ్య బాగా సన్నగిల్లింది. అది గోలీసోడా కేక. ఇప్పుడంతా ప్లాస్టిక్ సీసాల రాజ్యం. అయినా మా వీధి మలుపులో ఒక సోడా కొట్టు మిగిలింది. దాని యజమానిని ఊరంతా "సోడా మామ" అంటారు, నేనూ అంతే. కళాశాలలో మూడు గంటలు ప్రబంధాలు చెప్పి గొంతెండిపోయిన తెలుగు పంతులుకు ఉప్పు, నిమ్మరసం వేసిన సోడాను మించిన సన్మానం లేదు.

మొన్న ఏప్రిల్‌లో మామ ముఖం వాడిపోయి కనిపించింది.

"గ్యాసు నిలుస్తలేదు సారూ. నెలొచ్చే సిలిండరు పది దినాలకే ఒడుస్తుంది. ముల్లు సూస్తుండంగనే దిగుతది. పైగా పొద్దుగాల లేస్తే తల పగిలిపోతది."

తలనొప్పికి కారణం ఎండ అని అతడు, కల్లు అని అతని భార్య తీర్పు చెప్పుకున్నారు. గ్యాసు సంగతి మాత్రం తేలలేదు. సిలిండరు నింపించడానికే లాభమంతా పోతున్నది. రెండేళ్ళకొకసారి దురాజ్‌పల్లి దగ్గర జరిగే పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతరలో నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు గాని, అవీ కరిగిపోతున్నాయి. ఈ వేసవి చూచి కొట్టు మూసేస్తానన్నాడు.

సోడా మిషను చాలామంది చూచే ఉంటారు. సిలిండరు నుంచి బొగ్గుపులుసు గ్యాసు రెగ్యులేటరు గుండా వస్తుంది. నీళ్ళు నింపిన సీసాలను ఇనుప చట్రంలో బిగించి, పిడి పట్టుకొని గిరగిర తిప్పుతారు. సీసా తలకిందులైనపుడు గోలీ మెడలోకి జారి రబ్బరు వాషరు మీద కూర్చుంటుంది. లోపలి గ్యాసే దానిని కదలకుండా నొక్కి పట్టుకుంటుంది. ఈ సీసాకు 1872లో పేటెంటు పొందినవాడు హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు. గ్యాసు నీళ్ళు అంతకు నూరేళ్ళ ముందటివి. 1767లో లీడ్స్ పట్టణంలో బీరు కాచే బట్టీ పక్కన కాపురమున్న జోసెఫ్ ప్రీస్ట్లీ అనే మతాచార్యుడు, పులుస్తున్న తొట్ల మీద తేలే గాలిని నీటిలోకి ఎక్కించి రుచి చూచాడు. సోడా పుట్టిల్లు బీరు బట్టీ అన్నమాట!

బీరు మాట వచ్చింది గనుక చెబుతున్నాను. నా పాత శిష్యుడొకడు అమెరికాలో ఉన్నాడు. ఇంట్లో బీరు తయారుచేసుకోవడం అక్కడ 1978 చట్టంతో అనుమతించారట. వాడు సెలవురోజుల్లో అదే పని. ఉక్కు పీపాలో బీరు పోసి, ఇదే గ్యాసును ఇలాంటి రెగ్యులేటరుతోనే ఎక్కిస్తాడు. పద్యం అప్పజెప్పమంటే పారిపోయినవాడు ఈ విద్యలో మాత్రం పండితుడని విని, ఫోను చేసి మామ కష్టం చెప్పాను.

వాడు గ్యాసు సంగతి అడగలేదు. "సార్, ఆ సిలిండరు ఉన్న గదిలో ఎవరైనా పడుకుంటారా?" అన్నాడు.

మామను అడిగాను. దొంగల భయాన, తలుపు గడియ పెట్టుకొని సిలిండరు పక్కనే నేలమీద చాప వేసుకొని పడుకుంటున్నాడు!

నాకు ముచ్చెమటలు పోశాయి. ఈ గ్యాసు గాలికన్న బరువు. కిలో గ్యాసు బయటపడితే అయిదు వందల లీటర్లకు పైగా చోటు ఆక్రమించి నేలబారున పరచుకుంటుంది. రంగు లేదు, వాసన తెలియదు. 1986 ఆగస్టులో ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ అనే సరస్సు ఒక రాత్రి ఈ గ్యాసునే కక్కితే, 1,700 మందికి పైగా ప్రాణాలు పోయాయి. మామ తలనొప్పి ఎండదీ కాదు, పాపం కల్లుదీ కాదు.

ఆ సాయంత్రమే సిలిండరును వసారాలోకి, నీడపట్టుకు మార్చి స్తంభానికి గొలుసుతో కట్టించాను. రాత్రిళ్ళు రెగ్యులేటరు మర వదులుచేసి ఊరుకోక, సిలిండరు పైనున్న కొళాయినే మూసేయమన్నాడు శిష్యుడు. అది మామ ఏనాడూ మూయలేదట. కొళాయి మూసి, ముల్లు ఎక్కడున్నదో గాజు మీద సున్నంతో గీత పెట్టాము. గంటలో ముల్లు దిగిపోయింది. కారుతున్నది కొళాయికి ఇవతలే. సబ్బునీళ్ళు పూస్తే సిలిండరుకు రెగ్యులేటరు తగిలే చోట బుడగలు ముత్యాలదండలా లేచాయి. మరల చుట్టూ మామ టేపు చుట్టి ఉంచాడు, నల్లాకు చుట్టినట్టు. అక్కడ గ్యాసును ఆపేది మరలు కాదు, లోపలి చిన్న వాషరు. కొత్త వాషరు వేసినా బుడగలు ఆగలేదు. మరి తప్పు సిలిండరుదా, రెగ్యులేటరుదా?

కోదాడలో మామ బామ్మర్దికీ సోడా మిషనున్నది. ఆదివారం రెగ్యులేటరును తువ్వాలలో చుట్టుకొని ఇద్దరం బస్సెక్కాము. మామూలుగా నేను ఊరు దాటితే పిల్లలమర్రి గుళ్ళను, పినవీరభద్రకవిని తలచుకుంటాను. ఆనాడు మామ ఒడిలోని మూట తప్ప ఏదీ కనబడలేదు.

కోదాడ ఆంధ్ర సరిహద్దు ఊరు. రహదారి మీద లారీల రొద. బామ్మర్ది తన సిలిండరుకు మా రెగ్యులేటరు తగిలించి సబ్బునీళ్ళు పూశాడు. అవే బుడగలు! జబ్బు ఎక్కడిదో తేలింది. అక్కడే ఇంకొక సంగతి గమనించాను. అతడు సీసాల నీళ్ళను మంచుగడ్డల తొట్టిలో పెట్టి చల్లార్చిన తరువాతనే గ్యాసు ఎక్కిస్తాడు. వాతావరణ పీడనం వద్ద 15 డిగ్రీల లీటరు నీరు సుమారు లీటరు గ్యాసును ఇముడ్చుకుంటుంది. 30 డిగ్రీలకు వస్తే అందులో మూడింట రెండు వంతులే. ఎండాకాలం సోడా చప్పబడుతున్నదని మామ చేసే పని గ్యాసు జోరు పెంచడం. అతని కనుబొమ మీది మచ్చ అలా పగిలిన సీసాదే.

"ఇన్నేండ్లు నాకు జెప్పకపోతివి గదరా!" అన్నాడు మామ.

"నువ్వు అడగకపోతివి బావా."

వియ్యపు మర్యాదలు ఇలాగే ఉంటాయి కాబోలు.

రెగ్యులేటరు మూతి మీద గోటికి తగిలే గాటు ఒకటి ఉన్నది. స్పానరుతో బలం కొద్దీ బిగించిన ఫలం. దానిని చదును చేయాలంటే మిర్యాలగూడ పొమ్మన్నాడు బామ్మర్ది. ధాన్యం మిల్లుల ఊరు గనుక లేతు మిషన్లకు కొదువ లేదు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా సాగర్ ఎడమకాలువ పొలాల నడుమ ప్రయాణం. మూసీ దాటేసరికి పొద్దు వాలింది. హైదరాబాదులో ముక్కు మూసుకొని దాటే ఈ నది ఇంకాస్త దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

మిర్యాలగూడ లేతు మేస్త్రి గాటు చూచి నవ్వాడు. "మిల్లు షాఫ్టు తెచ్చినరనుకుంటి. ఇదా!" అని, వెంట్రుకవాసి చెక్కి, అద్దంలా నునుపుచేసి ఇచ్చాడు. పావుగంట పని. "చేత్తో తిప్పి, స్పానరుతో కొంచెమే బిగించు. బలం జూపకు" అని మామను హెచ్చరించాడు. ఇచ్చిన డబ్బులో సగం తిరిగి మామ జేబులోనే పెట్టాడు.

సూర్యాపేట చేరేసరికి రాత్రి పది. అప్పుడే బిగించి, కొళాయి మూసి, సున్నపు గీత పెట్టాము. మామ ఇంటికి పోయి ఆరుబయట మంచం మీద పడుకున్నాడు.

తెల్లవారి ఆరింటికి నా తలుపు తట్టాడు. చేతిలో సీసా, మంచినీటి చెమటలు పట్టి ఉన్నది.

"ముల్లు?" అన్నాను.

"గీత మీదనే ఉన్నది సారూ."

"తలనొప్పి?"

అతడు జవాబు చెప్పకుండా బొటనవేలితో గోలీని నొక్కాడు. పొద్దున్నే పళ్ళయినా తోముకోని నాకు, కీచుమని అరిచిన ఆ సోడా తాగక తప్పలేదు.