జంటపద్దు

2015లో బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు ఇచ్చిన దగ్గర్నుంచి నెలలో రెండుసార్లు నాకు వరుసగా రెండు రోజులు దొరుకుతున్నాయి. సిరోంచాలో సెలవునాడు ఏం చేస్తారు సార్ అని నాగపూర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర ఉద్యోగులు అడుగుతుంటారు. ప్రాణహిత ఒడ్డున కూర్చోవచ్చు. వంతెన దాటితే కాళేశ్వరం, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. ఈ రెండూ అయ్యాక నాకు మిగిలేవి మూడు పనులు: ఏదో ఒకటి చదవడం, ఏదో ఒకటి చూడడం, చేతులతో ఏదో ఒకటి తయారుచేయడం. మొన్న వేసవిలో ఒక వారం ఈ మూడూ నన్ను ఒకే ప్రశ్న దగ్గరకు తీసుకుపోయాయి. ఆ ప్రశ్న నా ఒక్కడిదే కాదు. ఈ పత్రిక చదివే చాలామంది ఇళ్లలో ఉండేదే.

ముందు చదువు సంగతి. పి.వి. నరసింహారావు గారు లోకానికి ప్రధానమంత్రి. మాకు మాత్రం నదికి అవతల ఉన్న మంథని ఎమ్మెల్యే. 1957 నుంచి 1977 దాకా అక్కడి నుంచే శాసనసభకు వెళ్లారు. హరి నారాయణ్ ఆప్టే మరాఠీలో రాసిన ‘పణ్ లక్షాత్ కోణ్ ఘేతో’ నవలను ఆయన ‘అబల జీవితం’ పేరుతో తెలుగు చేశారు. మూలం పేరుకు ‘కానీ ఎవరు పట్టించుకుంటారు?’ అని అర్థం. పందొమ్మిదో శతాబ్దం చివర, ఒక చిన్న వయసు వితంతువు తన కథ తానే చెప్పుకుంటున్నట్టు రాసిన నవల. నాగపూర్‌లో చదువుతున్న మా బిడ్డ సెలవులకు వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక తను మరాఠీ పుస్తకం నుంచి ఒక పుట పైకి చదివేది, నేను తెలుగు పుస్తకం నుంచి అదే పుట చదివేవాణ్ణి. తనకు తెలుగు వింటే అంతా తెలుసు, అక్షరం ముక్క రాదు. నాకు మరాఠీ చదవడం వచ్చు గాని నవల చదివేంత వేగం లేదు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి పాఠకుడు అయ్యాం.

పక్కనే సామల సదాశివ గారి ‘యాది’ పెట్టుకున్నాను. ఆయన పుట్టిన తెనుగుపల్లె దహెగాం మండలంలో ఉంది, మాకు పరాయి ప్రాంతం కాదు. తెలుగు, ఉర్దూ, ఫారసీ, మరాఠీ తెలిసిన మనిషి. హిందుస్తానీ సంగీతం మీద రాసిన ‘స్వరలయలు’కు 2011 సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఇన్ని భాషలు తెలిసి కూడా ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టు రాశారు. ‘జ్ఞాపకం’ అనకుండా ‘యాది’ అని పుస్తకానికి పేరు పెట్టారంటే, మా అవ్వ నోట వచ్చే మాటకు అట్ట మీద చోటు దొరికినట్టే. ఆ పుస్తకం చూశాకే నాకు అవ్వ మాటలు రాసిపెట్టాలని తోచింది.

ఇక చూసినది ‘బలగం’. 2023లో వేణు యెల్దండి తీసిన సినిమా. మొదటిసారి కాదు, ఆ వారం అవ్వ కోసం మళ్లీ పెట్టాం. చనిపోయిన ఇంటిపెద్దకు పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు, ఇంట్లోవాళ్ల మధ్య తగవులు బయటపడతాయి, ఇదీ కథ. పక్కింటి మరాఠీ తాయి వచ్చి కూర్చుంది. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. అయినా ఎవరూ అర్థం చెప్పే పని పడలేదు. ‘కావళా శివణే’ అని వాళ్లకూ ఉంది, పదోనాడు కాకి పిండాన్ని ముట్టాలి, ముట్టకపోతే పోయినవారి కోరిక ఏదో మిగిలిందని అనుకుంటారు. చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే మా అవ్వా, ఆ తాయీ ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. సినిమా అయ్యాక అవ్వ అన్నది ఒకటే మాట: “గీ మాట మాట్లాడేటోళ్లు సిన్మాల గూడ ఉన్నరా బిడ్డా!”

మూడోది చేతిపని. కంప్యూటర్లు రాకముందు బ్యాంకులో పెద్ద లెడ్జర్లు ఉండేవి. అలాంటి పుస్తకం ఒకటి నేనే తయారుచేశాను. గీతల కాగితాలు కొని, మడతపెట్టి, మైనం రాసిన దారంతో కుట్టి, గట్టి అట్ట వేసి, వెన్నుకు పాత చీర అంచు అంటించాను. అందులో రోజూ పది మాటలు. తొవ్వ, పైలం, ఇగురం, కైకిలి, మొగులు, గెరువు. వాన రెండు రోజులు ముసురు పట్టి ఒక పూట ఆగితే దాన్ని గెరువంటారు. ‘గెరువిచ్చింది, కైకిలికి పోవాలె’ అంటే రైతుకు, కూలీకి అదొక పంచాంగం.

నాలుగో రోజు బిడ్డ ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి అడిగింది: “బాపూ, నీ తర్వాత ఇది చదివేటోళ్లు ఎవరు? నేను చదవలేను, తమ్ముడు చదవలేడు. నేను మరాఠీ అక్షరాల్లో రాస్త.”

ఆ మాటకు జవాబు వెతకాలంటే మా ఊరి సంగతి కొంత చెప్పాలి. సిరోంచా 1860లో నిజాం నుంచి బ్రిటిషువారి చేతికి వచ్చింది, అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్నమైంది. 1874లో ఆ జిల్లా ఎత్తేసి మమ్మల్ని చాందాలో కలిపారు. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. మేం ఎక్కడికీ వలసపోలేదు, హద్దులే మారాయి. హద్దు మారినప్పుడల్లా కాగితం మీది భాష మారింది, పొయ్యి దగ్గరి భాష మారలేదు. బ్యాంకు కౌంటరు దగ్గర ఇది రోజూ చూస్తాను. తెలుగులో మాట్లాడి మరాఠీలో సంతకం పెడతారు. తెలుగులో సంతకం పెట్టేవాళ్లు ఎక్కువగా కోడళ్లు, చెన్నూరు నుంచో మంథని నుంచో నది దాటి కాపురానికి వచ్చినవాళ్లు. మా ఇళ్లలోకి తెలుగు అక్షరం పసుపు కుంకుమలతో పాటు వస్తుంది. నాకు అబ్బిందీ అలాగే. అవ్వ తరఫు మేనమామ కరీంనగర్‌లో తన ఇంట ఉంచుకుని బి.కాం. దాకా తెలుగులో చదివించాడు.

దేవనాగరిలో తెలుగు రాస్తే ఏం పోతుంది? నేను, బిడ్డ ఒక పూట కూర్చుని లెక్క చూశాం. పోనివి చాలానే ఉన్నాయి. మరాఠీలో ‘ళ’ ఉంది. ‘చ’, ‘జ’లకు మనలాగే రెండేసి పలుకుబళ్లు ఉన్నాయి. జమ, ఖర్చు, బాకీ, వసూలు రెండు భాషల్లోనూ ఒకటే. పోయేదల్లా హ్రస్వమైన ఎ, ఒ. మరాఠీ బడిలో నేర్పే అక్షరాల్లో అవి లేవు. నెల, నేల ఒకటైపోతాయి. మెడ, మేడ ఒకటైపోతాయి. బ్యాంకువాణ్ణి కనుక నన్ను ఇంకా భయపెట్టింది వెల, వేల!

“తెలిసిన మాటైతే ఎట్లయినా పోల్చుకుంటం గదా బాపూ” అంది బిడ్డ. నిజమే. కానీ ఈ పుస్తకం తెలిసిన మాటల కోసం కాదు. పరీక్షకు కొడుకును పిలిచి, తను మరాఠీ అక్షరాల్లో రాసిన కాగితం చేతికిచ్చాం. తొవ్వ బాగానే చదివాడు. గెరువు దగ్గర ‘గేరువు’ అన్నాడు. మరాఠీలో గేరూ అంటే ఎర్రమట్టి, అందుకని అదేదో రంగు అనుకున్నాడు. వాన తెరిపి కాస్తా ఎర్రమట్టి అయింది. అవ్వ పడి పడి నవ్వింది.

తంజావూరు గుర్తుకొచ్చింది. అక్కడ మరాఠా రాజు శహాజీ తెలుగులో ‘పల్లకి సేవా ప్రబంధం’ రాశాడు. ఆ సీమలోనే త్యాగరాజస్వామి తెలుగులో పాడాడు. ఆ కీర్తనలను తమిళులు తమిళ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. తమిళంలో హ్రస్వ ఎ, ఒ ఉన్నాయి, క, గ లకు మాత్రం అక్షరం ఒక్కటే. మాది దానికి తలకిందులు. అయినా కీర్తన నిలిచింది, ఎందుకంటే కాగితం పక్కన గురువు నోరు ఉంది. మా ఇంట్లో ఆ గురువుకు డెబ్బై ఆరేళ్లు. బిడ్డ ఆమె గొంతు ఫోనులో పట్టి ఉంచుతోంది. మంచిదే. కానీ గంటల తరబడి మాటల్లో ఒక్క మాట వెతుక్కోవాలంటే రాసిన జాబితా ఉండాల్సిందే.

ఈ కష్టం మాకు ఒక్కరికే కాదు. మన భాషకు చుట్టమైన గోండీని ఆదిలాబాదు వైపు తెలుగు అక్షరాల్లో, ఇటువైపు దేవనాగరిలో రాస్తారు. ఒకే భాష మాట్లాడే అన్న రాసిన ఉత్తరం తమ్ముడు చదవలేడు. వాళ్లకు మసరాం లిపి ఉంది, ఆదిలాబాదులో గుంజాల ఊళ్లో దొరికిన లిపీ ఉంది. రెండూ ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కాయి. బిడ్డ అదే దారిన వెతికి చెప్పింది, ద్రావిడ భాషల కోసం దేవనాగరిలో హ్రస్వ ఎ, ఒ లకు గుర్తులు ఉన్నాయట. బడిలో చెప్పరు గాని ఫోనులో ఉన్నాయి.

అప్పుడు నా బి.కాం. పనికొచ్చింది. జంటపద్దు విధానంలో ప్రతి మొత్తాన్నీ రెండు చోట్ల రాస్తాం. చివర అంకణాలో రెండు వైపులా కలవాలి. కలవకపోతే తప్పు ఎక్కడో ఉందని అదే చెబుతుంది. మా పుస్తకానికీ అదే పద్ధతి పెట్టాం. ఎడమవైపు నేను తెలుగులో, కుడివైపు తను దేవనాగరిలో, హ్రస్వానికి గుర్తుతో. ఆదివారం సాయంత్రం అవ్వ ముందు కూర్చుని ఎవరిది వాళ్లం పైకి చదువుతాం. రెండూ ఒకేలా వినపడితే ఆమె తల ఊపుతుంది, పద్దు కలిసినట్టు. ఎడమ పుట చూసి చూసి బిడ్డ ఇప్పటికి పద్దెనిమిది తెలుగు అక్షరాలు గుర్తుపడుతోంది. నేర్పుదామని మొదలుపెట్టింది కాదు, పక్కపక్కన ఉండేసరికి వచ్చాయి.

లిపి పోతే భాష పోయినట్టేనని పెద్దలు అంటారు. మాట పోయాక లిపి ఉండి ఏం లాభమని మా అవ్వ అంటుంది. ఇద్దరి మాటా కాదనలేను, కనుక రెండు పద్దులూ రాస్తున్నాను. షోలాపూర్‌లోనో, బళ్లారిలోనో, హోసూరులోనో, ఖరగ్‌పూర్‌లోనో ఇది చదివే మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఉంటారు. పిల్లలకు తెలిసిన అక్షరాల్లోనైనా సరే వాళ్ల మాటలు రాయించండి. పక్కన మన అక్షరానికి ఒక పుట వదలండి. హ్రస్వానికి గుర్తు మాత్రం మరవకండి, లేకపోతే మీ ఇంట కూడా వాన తెరిపి ఎర్రమట్టి అవుతుంది.