వాడ ముచ్చట్లు – 17: గుంత కట్టేదెవరు, గుంతల దిగేదెవరు?

ఇటుకను నీళ్ళల్ల ఏసినంక బుడగలు ఆగేదాక బయటికి తియ్యొద్దు. ఎండిన ఇటుక మాలుల ఉన్న తడినంత గుంజుకుంటది, సిమెంటు పట్టు పట్టకముందే పొడైతది. ఈ సంగతి నాకు ఏ ఇంజనీరింగ్ పుస్తకమూ చెప్పలేదు. మా చిన్నమ్మ చెప్పింది. ఆమె ఇరవై ఆరేండ్లు పాలమూరు లేబర్‌ల పనిచేసింది. ముంబై, పూనా, బెంగళూరు, ఎక్కడ గోడ లేస్తే అక్కడ మాలు కలిపింది, తట్ట మోసింది. హాజరు పుస్తకంల ఆమె పేరు పక్కన చివరిదాక ఒకటే మాట: హెల్పర్.

మొన్న ఎండకాలం మా పెరట్ల మరుగుదొడ్డికి రెండు గుంతలు మేమే కట్టుకున్నం. నేను, మా తమ్ముడు, చిన్నమ్మ. మేస్త్రిని పిలువలేదు. తాపీ పట్టుడు నాకు అదే మొదలు. "అన్నా, ఎట్ల కట్టిండ్రో రాయి" అని కొందరు తమ్ముళ్ళు, చెల్లెండ్లు అడిగిండ్రు. రాస్త. కానీ ఇటుకల లెక్కతోపాటు ఇంకో లెక్క గూడ చెప్పాలె. ఆ గుంతను రేపు ఖాళీ చేసేది ఎవరన్న లెక్క.

రెండు గుంతలే ఎందుకు?

మా దిక్కు సెప్టిక్ ట్యాంకు పెద్దగ కట్టుడు ఒక గొప్ప అయింది. "ఇరవై ఏండ్లు మూత తియ్యనక్కర లేదు" అని కాంట్రాక్టర్లు చెప్తరు. ఇరవై ఏండ్లకు ఆ మూత తీసేది ఎవరని ఎవ్వరూ అడగరు. జవాబు అందరికీ తెలుసు.

మూసిన ట్యాంకుల గాలి ఆడదు. హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకపోతయ్. దిగినోడు రెండు మూడు ఊపిర్లకే పడిపోతడు. వాన్ని తియ్యబోయినోడు వాని మీదనే పడ్తడు. రక్షణ పరికరాలు లేకుండ మనిషిని అట్ల దించుడు నేరమని 2013 చట్టం చెప్పింది. 1993 నుంచి ఈ పనిల చచ్చిపోయినోళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇయ్యాలని సుప్రీంకోర్టు 2014 మార్చిల చెప్పింది. 2023 అక్టోబర్‌ల ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది. తొమ్మిదేండ్లల్ల పరిహారం మూడింతలయింది. గుంతల దిగే కులం మారలేదు.

రెండు గుంతల పద్ధతిల మనిషి మలంల దిగే పని ఉండదు. ఐదుగురున్న ఇంట్ల ఒక గుంత నిండడానికి సుమారు మూడేండ్లు పడ్తది. నిండినంక దాన్ని మూసి రెండోదానికి దారి తిప్పాలె. మూసిన గుంతల తడి మట్టిల ఇంకిపోతది. రెండేండ్లు కదిలియ్యకుండ ఉంచితే లోపల వాసన లేని ఎరువు మిగుల్తది. ఇంటోళ్ళే పారతోని తీసి చేన్ల ఏసుకోవచ్చు.

ఎట్ల కట్టాలె?

జాగ: బావికి, బోరుకు కనీసం పది మీటర్ల దూరం చూసుకోండి. మన నేలల మొరం కింద పగుళ్ళ బండ ఉంటది. ఆ పగుళ్ళ దారి పట్టుకొని మురికి పోయి నీళ్ళల్ల కలుస్తది. నల్లగొండ దిక్కు ఫ్లోరైడ్ బాధ ఒక్కటే చాలు, దానికి ఇది తోడు కావద్దు. బండ తొందరగ తగిలితే లోతుకు పోకుండ వెడల్పు పెంచాలె.

కొలత: లోపల మీటరు వెడల్పు, మీటరుకు కొంచెం ఎక్కువ లోతు. రెండు గుంతల నడుమ మీటరు మట్టి వదలాలె. లేకుంటే ఈ గుంత తడి ఆ గుంతకు పోతది. నడిమిట్ల మేకు కొట్టి దారం కట్టుండ్రి. గుండ్రటి గోడకు ఆ దారమే మేస్త్రి. ఇటుక పెట్టిన ప్రతిసారి దారం గుంజి చూస్తే లోపటికి వచ్చిందా, బయటికి పోయిందా తెలుస్తది.

మాలు: ఒక తట్ట సిమెంటుకు ఆరు తట్టల జల్లెడ పట్టిన ఇసుక. పొడిగ ఉన్నప్పుడే రంగు ఒక్కతీరు అయ్యేదాక కలిపి, ఆ తర్వాత నీళ్ళు పొయ్యాలె. అరగంటల వాడేటంతనే కలుపుకోవాలె. గట్టిపడ్డ మాలుల మళ్ళ నీళ్ళు పోసి మెత్తగ చేసుకుంటే గోడకు బలం ఉండదు. నేను పారతోని తిరగేస్తుంటే చిన్నమ్మ అటు దిక్కు కూసోని, మొఖం గూడ తిప్పకుండ, "ఇంకో చెంబెడు పొయ్యి" అన్నది. పార చప్పుడుకే ఆమెకు మాలు తెలుస్తది.

గోడ: గుంత అడుగున సిమెంటు ఎయ్యొద్దు, మట్టే ఉండాలె. ఒక వరుస నిండుగ కట్టి, దాని మీది వరుసల ఇటుకకు ఇటుకకు నడుమ రెండంగుళాల సందు వదలాలె. పైపు దిగే ఎత్తుదాక ఇట్లనే జాలి తీరుగ పోవాలె. ఆ పైన సందు లేకుండ కట్టాలె. మాలు మందం వేలంత ఉంటే చాలు. కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు పడొద్దు.

పైపు: పదిహేను అడుగుల దూరానికి ఒక అడుగు వాలు. దారి చీలే కాడ చిన్న పెట్టె కట్టి, ఒక దారిని ఇటుక ముక్కతోని మూసి పెట్టాలె. వాలు ఎక్కువున్న రూరల్ పాన్ పెడితే రెండు లీటర్ల నీళ్ళు చాలు. బోరు కాడ బిందెలు వరుస పెట్టే ఊర్లల్ల ఇది చిన్న సంగతి కాదు.

నీళ్ళు కొట్టుడు: వారం రోజులు గోడ మీద తడి గోనె సంచులు ఉండాలె. మేస్త్రి పోయినంక ఆడోళ్ళు చేసే పని ఇది, దీనికి ఎక్కడా కూలి కట్టరు. గోడ గట్టిగ నిలిచేది దీనితోనే.

చేతులు: గ్లోవ్స్ లేకుండ సిమెంటు ముట్టొద్దు. అది చర్మాన్ని తింటది. మా చిన్నమ్మ వేలి గీతలు అరిగిపోయినయ్. రేషన్ దుకాణంల మిషను ఆమెను గుర్తుపట్టదు.

నైపుణ్యం ఎవరిది?

మూడో వరుస కాడ చిన్నమ్మ చెయ్యి చాపింది. "ఇటు తే బిడ్డా. ఇరవై ఆరేండ్లు చూసిన, ఒక్కపారి పెట్టి చూస్త" అన్నది. తాపీ తీసుకున్నది. ఆ పూట మిగిలిన గోడంత ఆమెనే లేపింది. దారం గుంజి చూస్తే ఒక్క ఇటుక గూడ అటు ఇటు కాలేదు.

అన్నేండ్లల్ల ఆమె చేతుల తాపీ ఎందుకు పడలేదు? పని కాడ మగపిల్లగాడు హెల్పర్‌గ చేరితే నాలుగైదేండ్లకు మేస్త్రి అయితడు. ఆడమనిషి హెల్పర్‌గ చేరితే హెల్పర్‌గనే ముసలిదైతది. కనీస వేతనాల పట్టికల మేస్త్రి నైపుణ్యం ఉన్నోడు, హెల్పర్ నైపుణ్యం లేనోళ్ళు. 2005 ఉపాధి హామీ చట్టం గూడ మన పనికి నైపుణ్యం అక్కరలేని శారీరక శ్రమ అనే పేరు పెట్టింది. అంబేద్కర్ 1936ల ‘కుల నిర్మూలన’ రాసినప్పుడు శ్రమను పంచుడు వేరు, శ్రమ చేసేటోళ్ళను మెట్లు మెట్లుగ పంచుడు వేరని తేల్చి చెప్పిండు. ఆ మెట్లు ఇటుక బట్టీ నుంచి స్లాబు దాక కనబడ్తయ్. కులం మెట్ల మీద ఆడది ఇంకో మెట్టు కింద ఉంటది.

నల్లగొండ జిల్లాల నాగార్జునసాగర్ చూడుండ్రి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి ఏసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. రాతితోని కట్టిన డ్యాముల్ల ప్రపంచంలనే పెద్దదని బడిల చదువుకున్నం. ఆ రాళ్ళను నెత్తి మీద మోసిన వేలమంది పేర్లు ఏ ఫలకం మీద ఉన్నయ్? పాలమూరు లేబర్ దేశమంత డ్యాములు కట్టింది. గుంపు మేస్త్రి అడ్వాన్స్ ఇస్తడు, కుటుంబం కుటుంబమే లారీ ఎక్కుతది, పిల్లల బడి ఆడనే ఆగిపోతది. 1976ల వెట్టి నిషేధ చట్టం, 1979ల వలస కార్మికుల చట్టం వచ్చినయ్. అడ్వాన్స్ లెక్క మాత్రం మేస్త్రి నోట్‌బుక్కులనే ఉండిపోయింది.

గుంత మారితే సాలదు

2017 ఫిబ్రవరిల వరంగల్ దిక్కు గంగదేవిపల్లిల కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఇట్లాంటి గుంతలకు దిగి ఎరువు తీసిండు. అది దేశమంత వార్త అయింది. మంచిదే, రెండు గుంతల పద్ధతి మీద భయం పోవాలె. కానీ ఒక పెద్ద ఆఫీసరు దిగితే బతికుండంగనే వార్త. మావాడు దిగితే చచ్చినంకనే వార్త.

స్వచ్ఛ భారత్ కింద ఇంటికి 12,000 ఇచ్చిండ్రు. మా ఊర్ల చాలా ఇండ్లకు ఒక్క గుంతనే తవ్వి, ఫొటో తీసి, బిల్లు లేపుకున్నరు. అవి ఇప్పుడు నిండినయ్. ఫోన్లు మా వాడకే వస్తున్నయ్. రెండు గుంతలున్న ఇండ్ల నుంచి గూడ ఒకటి రెండు ఫోన్లు వచ్చినయ్. లోపల ఉన్నది ఎండిన ఎరువే, వాసన లేదు, ప్రమాదం లేదు. అయినా పార పట్టడానికి వాళ్ళ చెయ్యి రాదు. అదీ కులమంటే. బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల కాలనీల పాకీ పని చేసే తెలుగు దళిత కుటుంబంల పుట్టిండు. ఆయన, సఫాయి కర్మచారి ఆందోళన్ ఇన్నేండ్లుగ అడుగుతున్నది గుంత డిజైన్ గురించి ఒక్కటే కాదు, ఈ చెయ్యి గురించి.

మా చిన్నమ్మ ఫోన్ చేసినోళ్ళకు ఒకటే చెప్తది: "పార లేకుంటే మా ఇంట్ల ఉన్నది, కొంటవొయ్యి తీసుకొని మళ్ళ తెచ్చియ్యి."

హాస్టళ్ళ నుంచి ఇంటికి పోయే తమ్ముళ్ళారా, చెల్లెండ్లారా, మీ ఇంట్ల కొత్త మరుగుదొడ్డి కడ్తుంటే గుంతలు ఎన్ని అని అడుగుండ్రి. గ్రామసభల అదే అడుగుండ్రి. మీ అమ్మనో చిన్నమ్మనో తట్ట మోసినామె అయితే మొదలు ఆమె దగ్గర కూసోని పని నేర్చుకోండి, తాపీ ఆమె చేతికియ్యుండ్రి. మీ ఇంటి గుంత నిండిన నాడు పార మీరే పట్టుండ్రి.

జై భీమ్.