మళ్ళీ అరిచిన బ్రేకు

బ్రేకు కీచులో ఓ కొంటెతనం ఉంది. పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి కారు బయటికి తీస్తుంటే నలుగురూ తిరిగి చూసేలా అరుస్తుంది. షెడ్డుకి తీసుకెళ్ళి మెకానిక్‌కి స్టీరింగ్ అప్పగిస్తే మాత్రం నోరు మెదపదు. "బాగానే ఉంది కదండీ" అంటూ అతను దిగిపోతాడు. ఓనర్‌కి తల కొట్టేసినంత పనవుతుంది. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఆ చప్పుడు పుట్టాలంటే డిస్కు వేడి, గాలిలో తేమ, పెడల్ మీద కాలి బరువు మూడూ కలిసిరావాలి. రాత్రంతా చల్లారిన డిస్కు మీద మెల్లగా నొక్కినప్పుడు వచ్చే కీచు, ట్రాఫిక్‌లో కాగిన డిస్కు మీద గట్టిగా నొక్కితే రాకపోవచ్చు. అనుభవం ఉన్న మెకానిక్ అందుకే బండిని రాత్రికి షెడ్డులో వదిలి వెళ్ళమంటాడు. పొద్దున తనే మొదట తీసి చూస్తాడు.

అంత ఓపిక అందరికీ ఉండదు. హైదరాబాద్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఇలాంటి కారు కథ ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. మొదట ప్యాడ్లు మారుస్తారు. చప్పుడు ఆగుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ మొదలవుతుంది. ఈసారి డిస్కుని లేత్ మీదికెక్కించి ఓ పొర గీయిస్తారు. మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ కీచు. ఆ తర్వాత "ఆ కంపెనీ ప్యాడ్లు మంచివి కావు, ఇవి వెయ్యండి" అని ఇంకో షాపువాళ్ళు. చివరికి డిస్కులూ కొత్తవే వస్తాయి. బిల్లులు ఫైలు నిండా ఉంటాయి, అరుపు మాత్రం ఎక్కడికీ పోదు.

అసలు అరిచేదేమిటి? నల్లబల్ల మీద పొడవాటి సుద్దముక్కని నిటారుగా పట్టి గీస్తే ఒళ్ళు జలదరించే కీచు వస్తుంది. మాస్టారు దాన్ని సగానికి విరిచి, కాస్త వాల్చి రాస్తే ఆగిపోతుంది. సుద్ద మారలేదు, బల్లా మారలేదు; పట్టు మారింది. తిరిగే డిస్కుని ప్యాడ్ పట్టుకున్నప్పుడు ఆ రాపిడికి రెండూ వణకడం మొదలుపెడతాయి. ఆ వణుకుని ఆపేది లేకపోతే అది తనను తానే పెంచుకుంటూ పోతుంది. సెకనుకి 1,000 నుంచి 16,000 సార్ల దాకా సాగే ఈ కంపనం ఎత్తు మైక్రాన్లలోనే ఉంటుంది, కంటికి కనిపించదు. కానీ మనిషి చెవి మహా చురుగ్గా పట్టే 2,000–4,000 మధ్య భాగం సరిగ్గా అందులోనే పడింది. అందుకే అంత చిన్న వణుకు అంత పెద్ద గోల చేస్తుంది. ఇలా కీచుమనే బ్రేకు బండిని చక్కగా ఆపుతూనే ఉండొచ్చు.

ఈ గొడవ డిస్కు బ్రేకు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1902లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వాడిన ప్యాడ్లు రాగివి. లోహం మీద లోహం రాసుకుంటే వచ్చే మోత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మరో ఐదేళ్ళకి హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఆస్‌బెస్టాస్ కలిపిన లైనింగు తెచ్చి ఆ నోరు మూయించాడు. ఆయన పెట్టిన ఫెరోడో కంపెనీ పేరు ఫ్రూడ్ ఇంటిపేరులోని అక్షరాలను అటూ ఇటూ మార్చి, ఒకటి చేర్చి కట్టిందే. ఆ పేరుతో ప్యాడ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులను తినేస్తుందని తేలాక దాన్ని వదిలి, లోహపు పొడులూ రకరకాల నారలూ సిరామిక్కులూ కలిపిన మిశ్రమాలకు వచ్చారు. లోహం పాలు ఎక్కువైతే వేడికి తట్టుకుంటాయి కానీ గోల ఎక్కువ. మెత్తటి రకాలు మౌనంగా ఉంటాయి కానీ త్వరగా అరుగుతాయి. షాపువాడు కంపెనీ మార్చమనడంలో ఈ మాత్రం నిజం లేకపోలేదు.

అయితే కొత్త ప్యాడ్ వేసిన ప్రతిసారీ కొన్నాళ్ళు శాంతి ఎందుకు? ఎమెరీ పేపరుతో పాత ప్యాడ్‌ని రుద్దినా అదే శాంతి దొరుకుతుంది. నున్నగా గాజులా తేలిన పైపొర పోయి గరుకుదనం వస్తుంది, వణుకు కొన్నాళ్ళు కుదరదు. కానీ ప్యాడ్ కూర్చునే చోటు పాతదే, మళ్ళీ అదే నునుపు తేలుతుంది. రోగం ప్యాడ్‌లో కాక దాని పీటలో ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ పీటని చూడాలంటే విప్పి తీసిన పాత ప్యాడ్లను పారేయనివ్వకూడదు. మామూలు చిన్న కార్ల ముందు బ్రేకులో పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నొక్కితే, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. లోపలిది అరిగి బయటిది దాదాపు కొత్తదానిలా ఉంటే ఆ పిన్నులు బిగుసుకున్నట్టే. ప్యాడ్ ఒక అంచున మందంగా, ఇంకో అంచున పల్చగా అరిగినా అనుమానం వాటి మీదికే పోవాలి. పిన్నుల్ని తీసి తుడిచి, వేడికి కరగని సిలికాన్ గ్రీజు రాస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. చక్రాలకి వాడే మామూలు గ్రీజు మాత్రం పనికిరాదు, దానికి పిన్నులని కప్పే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి. కొన్ని కార్లలో రెండు పిన్నుల్లో ఒకదానికే చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. హడావిడిలో పైదాన్ని కిందా, కిందిదాన్ని పైనా పెడితే కొత్త సామాను వేసిన రోజునుంచే కొత్త చప్పుడు మొదలు.

ప్యాడ్ చెవులు ఆనే చోట స్టీలు క్లిప్పులుంటాయి. మన కోస్తా గాలికి, వానలకి వాటి కింద తుప్పు పొర పెరిగి ప్యాడ్‌ని నొక్కేస్తుంది. వైరు బ్రష్షుతో ఆ తుప్పు తీసి, క్లిప్పులు కొత్తవి వేయాలి. ప్యాడ్ వీపున అంటించే పల్చటి షిమ్ము వణుకుని మింగడానికే పెట్టింది. చాలా షెడ్లలో దాన్ని అదనపు రేకు అనుకుని పక్కన పడేస్తారు. కొత్త డిస్కులు తుప్పు పట్టకుండా నూనె పూతతో వస్తాయి. దాన్ని కడగకుండా బిగిస్తే ఆ నూనె ప్యాడ్‌లోకి ఇంకుతుంది. హబ్బు మీద తుప్పు గడ్డ ఉండగా డిస్కు ఎక్కిస్తే అది వంకరగా తిరుగుతుంది. మిల్లీమీటరులో పదో వంతు కూడా ఇక్కడ చిన్న లెక్క కాదు. డయల్ గేజితో కొలవడానికి ఐదు నిమిషాలు చాలు, కొలిచేవాళ్ళే తక్కువ.

ఇందులో తప్పంతా మెకానిక్‌దే అనడం అన్యాయం. డబ్బాతో సహా కొత్త వస్తువు చూపిస్తే మారుమాట్లాడకుండా డబ్బిస్తాం. గంటసేపు తుప్పు గీకినందుకు లేబర్ ఛార్జీ వేస్తే "తుడిచినదానికి ఇంతా?" అంటాం. దాంతో అతను తుడవడం మానేసి అమ్మడం మొదలుపెట్టాడు.

కొన్నిసార్లు అరిచేది ముందు బ్రేకే కాదు. మన చిన్న కార్లలో ఎక్కువవాటికి వెనక డ్రమ్ము బ్రేకులే. వాటిలో దుమ్ము చేరినా, షూలు ఆనే చోట గ్రీజు ఎండినా మోత కారంతా పాకి ఎక్కడిదో తెలియదు. ఖాళీ మైదానంలో నడక వేగంలో పోతూ, హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి ఉంచి మెల్లగా లాగితే, అది వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి, గుట్టు బయటపడుతుంది. పెడల్ తొక్కినా తొక్కకపోయినా ఒకేలా వినిపించే హోరు, మలుపుల్లో పెరిగి తగ్గేది, వీల్ బేరింగ్‌ది. ఆగకుండా సన్నగా గీరుతుంటే డిస్కు వెనక రేకు వంగిందో, మధ్యలో కంకర రాయి ఇరుక్కుందో చూడాలి. వాన మర్నాడు మొదటి నాలుగు బ్రేకులకి వచ్చే గరగర రాత్రి పట్టిన తుప్పు పొరది, దానంతటదే పోతుంది. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకి అరిగినప్పుడు డిస్కుని తాకి కూసే చిన్న ఇనుప నాలుక ఇంకో రకం. దాన్ని పట్టించుకోకపోతే తర్వాత వచ్చేది ఇనుము ఇనుముని కోసే గరగర, అప్పుడిక ఆ బండి నడపకూడదు.

తిరుమల కొండ దిగివచ్చాక మొదలయ్యే కీచు గురించి తిరుపతి మెకానిక్కులని అడగాలి. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నిబంధన పెట్టింది, వేగం మీద అదుపు కోసం. ఆ 40 నిమిషాలూ రెండో గేరు వదిలేసి బ్రేకు మీదే కాలు పెట్టి దిగేవాళ్ళ ప్యాడ్లు మాడి, పైపొర గాజులా తేలుతుంది. అనంతగిరి ఘాట్ మీదుగా అరకు నుంచి వచ్చే కార్లదీ అదే సంగతి.

ఇక ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ కథ తిరగబడింది. యాక్సిలరేటర్ వదలగానే మోటారే బండిని నెమ్మదింపజేసి బ్యాటరీకి కరెంటు పంపుతుంది కాబట్టి ప్యాడ్లకు పని తక్కువ. పని లేని డిస్కు తుప్పు పడుతుంది, పిన్నులు కదలక బిగుసుకుంటాయి, పైగా చప్పుడుని కప్పే ఇంజన్ మోత కూడా లేదు. ఫోక్స్‌వాగన్ తన ఐడీ.3, ఐడీ.4 కార్ల వెనక చక్రాలకి తుప్పు బెడద తక్కువగా ఉండే పాత డ్రమ్ములనే మళ్ళీ బిగించింది. ముందు చక్రాలకి డిస్కులే ఉన్నాయి, వాటి పిన్నులకి గ్రీజు రాయాల్సిందే.