రెబ్బెన: పట్టాల పక్కన పసుల దారి

రెబ్బెన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. కాజీపేట–బల్లార్షా మార్గంలో రైలు ఇక్కడ ఆగుతుంది కానీ స్టేషన్ బోర్డు మీద ‘ఆసిఫాబాద్ రోడ్’ అని ఉంటుంది. పట్టాలు వేసిన కాలంలో ఆసిఫాబాదే జిల్లా కేంద్రం. రైలు ఆ ఊరి దాకా పోలేదు. సుమారు 20 కిలోమీటర్ల ఇవతల దిగి, ఎడ్లబండి ఎక్కి పోవాల్సిందే. అందుకే స్టేషన్‌కు చేరవలసిన ఊరి పేరు పెట్టారు.

రైలుకు ముందు ఇది మందల నేల. ఒక దిక్కు పెద్దవాగు ప్రాణహితలో కలిసే మైదానం, మరో దిక్కు తిర్యాణి, కెరమెరి గుట్టలు, నడుమ టేకు, వెదురు అడవి. మైదానపు ఊళ్లలో గొల్లలు, కురుమలు గొర్లను, మేకలను సాకేవారు. గుట్టల మీది గోండు, కోలాం గూడేలకు ఎడ్లే సేద్యపు బలం. మథుర లంబాడాలు ఆవుల మందలతో పాడి చేసి, నెయ్యి అమ్మి బతికేవారు. తమ మూలాలు మథురలో ఉన్నాయని చెప్పుకునే వీరికి కృష్ణుడే ఇలవేల్పు.

మేత దారులను వానలే నిర్ణయించేవి. వానకాలంలో చేలన్నీ పైరు మీద ఉంటాయి కనుక మందలు అడవికి ఎక్కేవి. కోతలయ్యాక కొయ్యకాళ్ల కోసం మైదానానికి దిగేవి. రాత్రిపూట చేలో గొర్ల మంద పెట్టించుకున్న రైతు కాపరికి గింజలు కొలిచేవాడు. చేనికి ఎరువు, కాపరికి తిండి ఆ ఒక్క ఏర్పాటుతోనే దొరికేవి. నల్లగొర్రె బొచ్చుతో కురుమలు నేసిన గొంగడి ఎండకూ, వానకూ, చలికీ కాపరి వెంటే ఉండేది.

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1889 నాటికే బెజవాడ దాకా చేరింది. కాజీపేట నుంచి ఉత్తరానికి మాత్రం దారి లేదు. 1920లలో ఆ పని మొదలై, గోదావరి మీద వంతెన కట్టి, 1929లో పట్టాలను బల్లార్షాకు కలిపారు. సుమారు 235 కిలోమీటర్ల ఈ ముక్కతో మద్రాసు, ఢిల్లీల మధ్య నేరు దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఈ అడవి గుండానే నడిచింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుంచి తన చేతికి తీసుకుంది.

రైలు వల్ల మొదట మారినది ఎద్దు పని. ఒకప్పుడు లంబాడాలు ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద వేసుకుని రాజ్యాలు దాటేవారు. దేశమంతటా పట్టాలు పరుచుకున్న కొద్దీ ఆ దూరపు రవాణా పోయింది. ఎద్దుకు మిగిలింది చేనికీ స్టేషన్‌కూ మధ్య దారి. టేకు దుంగలు, పత్తి, గింజలు బండ్ల మీద పట్టాల దగ్గరికి చేరేవి. ఈ దారిలోనే బెల్లంపల్లి బొగ్గు గనులతో పెరిగింది. కొత్తపేటలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పుట్టి, 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ ఊరే కాగజ్‌నగర్ అయింది. జిల్లా అడవుల వెదురు అక్కడ కాగితంగా మారింది.

అడవికి ధర పెరిగిన ఆ కాలంలోనే పసులకు అడవి దూరమైంది. రిజర్వు హద్దులు గీసి, మేతకూ వంటచెరకుకూ ‘బంబ్రాం’, ‘దూపపెట్టి’ పేరిట పన్నులు వసూలు చేశారు. పోడు నేలల నుంచి గోండులను వెళ్లగొట్టారు. ఆ వేదన నుంచే జల్, జంగల్, జమీన్ కోసం గోండు వీరుడు కుమురం భీం పోరాటం లేచింది. 1940లో కెరమెరి గుట్టల్లోని జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. ఆయన పనితో గోండులకు భూమి పట్టాలు, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ వచ్చాయి. జిల్లా కేంద్రం మాత్రం 1941లో ఆదిలాబాద్‌కు తరలిపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత రైల్వే చేతులు మారి, 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో ఈ మార్గం చేరింది. రెబ్బెన మండలంలోని గోలేటి సింగరేణి బొగ్గు గని కార్మికుల ఊరుగా ఎదిగింది. కైరిగూడ దగ్గర ఓపెన్ కాస్ట్ తవ్వకం వచ్చింది. గని తవ్వినచోట మేత ఉండదు, మట్టి గుట్టల మీద గడ్డి మొలవడానికి ఏళ్లు పడుతుంది. ట్రాక్టర్ వచ్చాక ఎడ్ల జతలు తగ్గాయి. కవ్వాల్ అడవి 2012లో టైగర్ రిజర్వ్ అయింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి ప్రాణహిత దాటి పులులు ఈ అడవులకు వస్తున్నాయి. మందలో ఆవు పోతే అది ఒక ఇంటి పాడి పోవడమే.

2016లో ఆసిఫాబాద్ మళ్లీ జిల్లా కేంద్రమై, కుమురం భీం పేరు పెట్టుకుంది. పట్టాల మీద బొగ్గు వ్యాగన్లు, దూరపు ఎక్స్‌ప్రెస్‌లు సాగిపోతూనే ఉన్నాయి. శ్రావణ మాసం చివర పొలాల అమావాస్య నాడు మాత్రం ఈ ప్రాంతపు ఊళ్లలో ఎడ్లకు పని చెప్పరు. వాగులో కడిగి, కొమ్ములకు రంగులు పూసి, గుడి చుట్టూ తిప్పి, ఇంటికి తెచ్చి నైవేద్యం తినిపిస్తారు.